ఇంజను ఆగింది, పెట్రోలు ఎక్కడ ఆగింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "నీ వృత్తిలోంచి ఏదైనా చెప్పు, అందరికీ అర్థం కావాలి" అన్నారు. నేను మెకానికల్ ఇంజనీరుని. చాలా ఏళ్ళుగా అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉంటున్నాను. పంపులు, పైపులు, వాటిలో పారే ద్రవాలు, ఇదీ నా ఉద్యోగం. కంపెనీ పంపుల సంగతి ఎత్తితే భోజనాల గంట కొట్టకముందే మీరు కునుకు తీస్తారు. అందుకని మా పక్కింటి పెద్దాయన గడ్డి కోసే బండి గురించి చెబుతాను. చివర్లో మన ఊరి స్ప్రేయర్ల దగ్గరికి వస్తాను. ఆ బండికీ వీటికీ వచ్చే జబ్బు ఒకటే.

అక్కడికి వెళ్ళని వాళ్ళకోసం ఒక మాట. అమెరికాలో ఊరి శివార్లలో ఇళ్ళ చుట్టూ అరెకరం, ఎకరం పచ్చిక ఉంటుంది. మే నెలలో అది వేగంగా పెరుగుతుంది. కోయకపోతే చాలా పట్టణాల్లో మునిసిపాలిటీ నోటీసు అంటిస్తుంది. మన దగ్గరైతే గేదెకు వేసేవాళ్ళం. అక్కడ అంత గడ్డీ కోసి అక్కడే వదిలేస్తుంటే మొదటి వేసవంతా నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత జాగా తోసుకుంటూ కోయడం కష్టం కాబట్టి కూర్చుని నడిపే బండి కొంటారు. రైడింగ్ లాన్ మోవర్ అంటారు. ట్రాక్టరుకు పుట్టిన పిల్లలా ఉంటుంది. సీటు, స్టీరింగు, ముందు ఇరవై గుర్రాల పెట్రోలు ఇంజను, కింద పళ్ళెం బోర్లించినట్టున్న డెక్కులో తిరిగే బ్లేడ్లు.

మా పక్కింటాయనకు డెబ్భై ఆరేళ్ళు. స్కూలు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. భార్య పోయింది. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. ఆయన బండికి పద్నాలుగేళ్ళు. పోయిన వేసవిలో దానికో రోగం పట్టుకుంది. ఉదయం ఒక్క తాళం తిప్పుడికి స్టార్టవుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా కోస్తుంది. తర్వాత ఆగిపోతుంది. కాసేపు కూర్చుంటే మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. షాపుకు తీసుకెళితే కార్బురేటర్ మార్చారు. వారం బాగుంది, మళ్ళీ మొదలు. రెండోసారి తీసుకెళితే ఇంజనే అరిగిపోయింది, కొత్త బండి కొనుక్కో అన్నారు. కొత్తది మూడువేల డాలర్ల మాట. పింఛను మీద బతికే మనిషికి అది చిన్న మొత్తం కాదు.

డబ్బు ఒక్కటే అయితే ఆయన అంత దిగులు పడేవాడు కాదేమో. వేరే రాష్ట్రంలో ఉన్న కొడుకు ఫోను చేసినప్పుడల్లా, "పచ్చిక కూడా చూసుకోలేకపోతున్నావు, ఇల్లు అమ్మేసి వృద్ధుల అపార్ట్‌మెంటుకు మారిపో నాన్నా" అంటున్నాడట. కొడుకు చెడ్డవాడని కాదు, దూరాన ఉన్నాడు, భయం. మనలో ఎంతమందిమి ఇదే మాట ఇక్కడున్న అమ్మానాన్నలకు ఫోనులో చెప్పలేదు? ఆ పెద్దాయన మాత్రం సగం కోసి వదిలేసిన పచ్చికను కిటికీలోంచి చూసుకుంటూ కూర్చునేవాడు.

ఒక శనివారం కంచె దగ్గర నిలబడి నన్ను అడిగాడు. నేను బండి మీద చెయ్యి వేయకముందు ఒక ప్రశ్న వేశాను. "ఆగేటప్పుడు దీపం ఆర్పినట్టు టక్కున ఆగుతుందా, ఆయాసపడి ఆగుతుందా?"

ఇంజను నడవాలంటే గాలి, నిప్పురవ్వ, పెట్రోలు మూడూ సరైన సమయానికి అందాలి. నిప్పురవ్వ పోతే ఇంజను టక్కున ఆగుతుంది. పెట్రోలు తగ్గితే అలా ఆగదు. కార్బురేటర్ అడుగున ఒక చిన్న గిన్నె ఉంటుంది. సరఫరా ఆగినా అందులో మిగిలిన పెట్రోలు అయ్యేదాకా ఇంజను ఈడుస్తుంది. మోత హెచ్చుతుంది, తగ్గుతుంది, దగ్గుతుంది, అప్పుడు ఆగుతుంది. ఆయన చేతులతో ఆ చప్పుడు చేసి చూపించాడు. ఆయాసమే. ఇంకొకటి అడిగాను. "ఆయాసపడుతున్నప్పుడు చోక్ లాగితే?" కొన్ని క్షణాలు తేరుకుంటుంది అన్నాడు. చోక్ లాగితే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. దానికి ఇంజను తేరుకుందంటే ఆకలి పెట్రోలుదే అని చాలావరకు తేలినట్టు. అయినా కాయిల్ వేడెక్కితే నిప్పురవ్వ బలహీనపడి ఇలాగే ఇరవై నిమిషాలకు ఆగే బండ్లు ఉన్నాయి. కాబట్టి ప్లగ్గుకూ వైరుకూ మధ్య స్పార్క్ టెస్టర్ పెట్టి, ఆగిపోయే సమయానికి చూశాను. రవ్వ నీలంగా, గట్టిగా వస్తోంది. ఆ దారి మూసేశాను.

ఇక పెట్రోలు దారి. ఇది చిన్న కాలువ లాంటిది. సీటు కింద ట్యాంకు. దాని మూతకు సన్నని గాలి రంధ్రం. ట్యాంకు అడుగునుంచి రబ్బరు గొట్టం, మధ్యలో ఫిల్టరు, తర్వాత పంపు, ఆపైన కార్బురేటర్. కార్బురేటర్ గిన్నెలో ఒక ఫ్లోట్ తేలుతుంది. గిన్నె నిండితే అది లేచి సూదిమొన వాల్వును మూస్తుంది, తగ్గితే దిగి తెరుస్తుంది. మన ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకులో బంతి కుళాయి చేసే పనే. చాలా బండ్లకు గిన్నె అడుగున ఒక సోలినాయిడ్ కూడా ఉంటుంది. తాళం తిప్పగానే టిక్కుమని తెరుచుకుని జెట్‌కు దారి ఇస్తుంది. ఆ టిక్కు వినపడకపోతే బ్యాటరీ దగ్గరకో వైరు దగ్గరకో వెళ్ళాలిగాని కార్బురేటర్ విప్పకూడదు.

పంపు గురించి రెండు మాటలు, ఎందుకంటే నా అభిమాన వస్తువు అది. దానికి మోటారు లేదు, బెల్టు లేదు. ఇంజను లోపల పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటే క్రాంక్‌కేసులో గాలి ఒత్తిడి నాడిలా కొట్టుకుంటుంది. ఆ నాడిని ఒక గొట్టంలో పట్టి తెచ్చి, పంపులోని పల్చటి డయాఫ్రానికి తగిలిస్తారు. అది ఊగుతుంటే పెట్రోలు కదులుతుంది. ఎవరికి తట్టిందోగాని చక్కటి ఆలోచన. దాని జబ్బులు కూడా అందులోంచే వస్తాయి. నాడి గొట్టం పగిలితే పంపు నీరసిస్తుంది. డయాఫ్రం చిరిగితే పెట్రోలు ఆ గొట్టంలోంచే వెళ్ళి ఇంజనాయిలులో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పోసిన దానికంటే ఎక్కువ కనబడుతుంది, పెట్రోలు వాసన కొడుతుంది. సూదిమొన వాల్వు సరిగా మూసుకోకపోయినా ఇదే జరగొచ్చు. ఆ ఆయిలుతో నడిపితే ఇంజను నిజంగానే పోతుంది. ఈయన బండిలో ఆయిలు శుభ్రంగా ఉంది.

మూత గాలి రంధ్రం చూశాను. అది పూడుకుపోతే, పెట్రోలు వెళ్ళినకొద్దీ ట్యాంకులో గాలి పల్చబడి, ఒక స్థాయి దాటాక పెట్రోలు దిగదు. మన సైన్సు మాస్టారు గ్లాసు నిండా నీళ్ళు పోసి, అట్టముక్క మూసి తలకిందులు చేసి చూపించారే, అదే. ఇరవై నిమిషాలకు ఆగే బండిలో మొదటి అనుమానితుడు ఎప్పుడూ ఈ మూతే. ఆగగానే వదులు చేస్తే ఉస్సుమని గాలి లోపలికి వెళుతుంది, బండి లేస్తుంది. ఇక్కడ ఉస్సు రాలేదు. మూత వదులుగా పెట్టి నడిపినా ఆగింది.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. బండి చల్లగా ఉన్నప్పుడు గొట్టం విప్పి చూస్తే పెట్రోలు ధారగా వస్తోంది. షాపులో కూడా అలాగే చూసి ఉంటారు. జ్వరం లేని పూట థర్మామీటరు పెట్టి లాభం లేదు, ఆగిపోయిన ఆ నిమిషంలోనే కొలవాలి. ఆ నిమిషంలో ఇంజను కాలిపోతూ ఉంటుంది, సైలెన్సర్ మీద చెయ్యి పెట్టలేం. అక్కడ పెట్రోలు గొట్టం విప్పకూడదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారుగా పారి, మనం చూడని నిప్పును వెతుక్కుంటుంది. అమెరికాలో చాలా గ్యారేజీల్లో నీళ్ళు కాచే గ్యాస్ హీటరు మూలన వెలుగుతూ ఉంటుంది కూడా.

అందుకని బండిని ఆరుబయట పెట్టి, రాత్రంతా చల్లారాక, మర్నాడు పొద్దున గొట్టం మధ్యలో ఒక టీ ఆకారపు జాయింటు వేశాను, ఫిల్టరు తర్వాత. దానికి చిన్న కుళాయి, కుళాయికి ఎనిమిది అడుగుల గొట్టం, గొట్టం చివర గడ్డిలో ఒక కొలగాజు సీసా. ఇరవై గుర్రాల ఇంజను గడ్డి కోసేటప్పుడు గంటకు ఇంచుమించు నాలుగైదు లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 70, 80 మి.లీ. ట్యాంకు సీసా కంటే ఎత్తులో ఉంది కాబట్టి కుళాయి తిప్పితే అంతకంటే బాగా ఎక్కువే పడాలి.

చల్లగా ఉండగా నిమిషానికి 400 మి.లీ. పైన పడింది. పెద్దాయన సీటెక్కి కోయడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదో నిమిషంలో బండి ఆయాసపడి ఆగింది. ఆయన దిగకముందే పక్కనుంచి కుళాయి తిప్పాను. చుక్క... చుక్క... నిమిషానికి 15 మి.లీ. దాటలేదు. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. పంపు, కార్బురేటర్, ఇంజను అన్నీ ఈ కుళాయికి అవతల ఉన్నాయి. వాటికి ఈ నేరంతో సంబంధం లేదు! కుళాయి కట్టేసి, ఆయన సీటులోంచి దిగి, బండి ఒకసారి ఊగాక మళ్ళీ తిప్పాను. ధార.

చల్లారనిచ్చి టీ జాయింటును ఫిల్టరుకు ముందుకు మార్చి అదే పని మళ్ళీ చేశాం. అదే చుక్క. ఫిల్టరు కూడా నిర్దోషి. మిగిలింది ట్యాంకూ, జానెడు గొట్టమూ. పాత గొట్టాల్లో లోపలి పొర ఊడి, పీల్చినప్పుడు నాలుకలా అడ్డం పడటం నేను విన్నదే. గొట్టం నిలువునా కోసి చూశాను, బాగుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఆవిరి పోయేదాకా ఎండలో గంటలు ఉంచి, టార్చి వేశాం.

అడుగున రూపాయి బిళ్ళంత వెండి కాగితం.

పెట్రోలు నిలవ ఉంటే పాడవుతుందని చలికాలానికి ముందు అక్కడ ట్యాంకులో ఒక మందు పోస్తారు. స్టెబిలైజర్ అంటారు. ఆ సీసా మూతి మీద ఉండే రేకు సీలును ఆయన స్క్రూడ్రైవరుతో పొడిచి ఒంపేవాడట. ఒకసారి ఆ రేకు ముక్క మందుతోపాటు లోపలికి జారింది. బండి కదలికకు అది మెల్లగా రంధ్రం దగ్గరకు చేరి, పీల్పుకు బిరడాలా అంటుకుంటోంది. ఇంజను ఆగగానే పీల్పు పోయి వీడిపోతోంది. కార్బురేటర్ మార్చినప్పుడు వారం ఎందుకు బాగుందో కూడా ఇప్పుడు తెలిసింది. అప్పుడు ట్యాంకు ఖాళీ చేసి నింపారు, రేకు ఏ మూలకో వెళ్ళి పడుకుంది. తప్పు వైద్యానికి వారంపాటు మంచిపేరు వచ్చింది. బండి బాగా చూసుకునే మనిషి కాబట్టే ఈ జబ్బు వచ్చింది, మందు పోయనివాడికి రాదు. పటకారుతో రేకు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. దాన్ని చాలాసేపు చూసి, మొదట కొడుక్కి ఫోను చేశాడు. ఆ వేసవంతా మా పచ్చిక కూడా ఆయనే కోశాడు, వద్దన్నా వినలేదు.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. కృష్ణా డెల్టా శివారు పొలాల వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఊడ్పుల రోజుల్లో మురుగు కాలువ గట్టు మీద ఆయిలింజను ఆగిపోతే, "గాలి పట్టింది" అనేవాళ్ళు. మేస్త్రీ వచ్చి ముందు డీజిలు ట్యాంకులోకి తొంగి చూసేవాడు, తర్వాత ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి నిండు ధార వచ్చేదాకా ఆగేవాడు, తర్వాత పంపు దగ్గర, ఆ తర్వాత నాజిల్ దగ్గర. ట్యాంకు నుంచి ఇంజను దాకా డీజిలుతో కలిసి నడిచేవాడు. ఆయన ఏ కాలేజీలో చదివాడో మనకు తెలుసు, ఏ కాలేజీలోనూ కాదు. నేను పక్కింటి పచ్చికలో చేసింది ఆయన పనే, కొలగాజు సీసా ఒక్కటి అదనం.

ఇప్పుడు ఆయిలింజన్లు తగ్గాయి. వాటి బదులు ప్రతి వీధిలో పెట్రోలు స్ప్రేయరు, గడ్డి కోసే బ్రష్ కట్టరు, పవర్ వీడరు ఉన్నాయి. ఏడాదిలో కొన్ని వారాలే వాడతారు. మిగతా కాలం ట్యాంకులో మిగిలిన పెట్రోలుతో సహా కొట్టంలో వేలాడతాయి. పురుగు పడిన రోజున తీస్తే స్టార్టు కావు. కుర్రాడు కార్బురేటర్ మారుద్దామంటాడు. మందు కొట్టాల్సిన రోజు పోతుంది. రైతుకు ఆ రోజు ఖరీదు కార్బురేటర్ ఖరీదుకంటే ఎంత ఎక్కువో ఇక్కడున్న వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఇందులో కొత్తగా చేరిన సంగతి ఒకటుంది. మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023లో అమ్మకం మొదలై దేశమంతా పాకింది. అమెరికాలో మామూలుగా అమ్మేది పది శాతం కలిసింది. పదిహేను శాతం కలిపింది పచ్చిక యంత్రాల్లో పోయకూడదని అక్కడ ప్రభుత్వ నిబంధనే ఉంది. ఇథనాల్ మంచిదా చెడ్డదా అనే వాదనలోకి నేను దిగను, దానికి వేరే సభ పెట్టుకోవాలి. ఇథనాల్ నీటిని పట్టుకుంటుందన్నది మాత్రం వాదన కాదు. వానాకాలం తేమకు, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నీరు చేరుతుంది. కొంతవరకు కలిసే ఉంటుంది. హద్దు దాటితే నీరూ ఇథనాలూ జట్టుకట్టి అడుగుకు దిగిపోతాయి. ఇంజనుకు వెళ్ళే గొట్టం ఉన్నది అడుగునే. కార్బురేటర్ గిన్నెలో తెల్లగా సుద్దలాగా, జెట్‌లో పచ్చగా చిలుములాగా కనబడేది చాలాసార్లు దీని ఫలితమే. వెంట్రుకంత జెట్ రంధ్రానికి అది చాలు.

కాబట్టి సీజను అయిపోయాక ట్యాంకు ఒంపేయండి. ఒంపి, ఆరుబయట ఇంజను స్టార్టు చేసి, దానంతట అది ఆగేదాకా నడవనివ్వండి, గిన్నె కూడా ఖాళీ అవుతుంది. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఎంత ఇథనాల్ దాకా పనికొస్తుందో రాసి ఉంటుంది, చూడండి. రబ్బరు గొట్టం గట్టిపడితే మార్చండి, చవకే. టూ స్ట్రోక్ యంత్రాలకు ఆయిలు కలిపిన పెట్రోలు ఆ వారానికి సరిపడానే కలుపుకోండి, డబ్బాలో ఏడాది నిలవ పెట్టకండి.

సైన్సు టీచర్లకు ఒక విన్నపం. 100 మి.లీ. కొలజాడీలో 10 మి.లీ. నీళ్ళు పోసి, పైన 90 మి.లీ. పెట్రోలు పోసి, మూసి, మెల్లగా తిప్పి నిలబెట్టండి. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్ళలోకి వెళుతుంది. అడుగు పొర 10 దగ్గర ఉండాల్సింది 27, 28 దాకా పెరుగుతుంది. పెరిగినదాన్ని 90తో భాగిస్తే ఇథనాల్ శాతం ఇంచుమించుగా వస్తుంది. ఆరుబయట, నిప్పు లేనిచోట, టీచరే చేయాలి. పిల్లలు దూరంనుంచి చూసి లెక్క కట్టాలి. తొమ్మిదో తరగతి వాళ్ళు కట్టగలిగిన లెక్కే.

చివరగా, ఈ బల్ల మీద గుడ్డలో చుట్టి ఉన్నది ఆ పక్కింటాయన బండి పాత కార్బురేటర్. ఏ లోపమూ లేకుండా పీకేసింది. ఆయన పెట్టెలో దాచి ఉంచి, మీ బడికి తీసుకెళ్ళమని ఇచ్చాడు. పూర్తిగా కడిగి, ఆరబెట్టి, వాసన పోయాక తెచ్చాను, అయినా ఎయిర్‌పోర్టులో రెండుసార్లు పెట్టె విప్పించారు. గిన్నెకు ఒక పక్క కోసి గాజుముక్క అతికించాను. నీళ్ళు పోస్తే ఫ్లోట్ లేవడం, సూదిమొన మూసుకోవడం బయటికి కనబడుతుంది. భోజనాలయ్యాక సైన్సు గదిలో ఉంటాను. మీ ఇంట్లో స్టార్టు కాని స్ప్రేయరు ఉంటే పెట్రోలు ఒంపేసి తీసుకురండి, కలిసి చూద్దాం.